రాకెట్లకు డబ్బివ్వండి, లెక్క రేవులో అడగండి

తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభ్యులకు,

నమస్కారం.

లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది ఉన్నారు. రాజ్యసభలో రెండు రాష్ట్రాలకూ కలిపి 18 మంది. మొత్తం 60 మంది. ఏటా బడ్జెట్ సమావేశాల్లో అంతరిక్ష శాఖ పద్దు మీ ముందుకు వస్తుంది. చర్చకు సమయం చాలని శాఖల పద్దులన్నీ కట్టగట్టి చివర్లో ఒకేసారి ఆమోదించే పద్ధతి ఉంది కదా, అంతరిక్ష శాఖ పద్దు చాలాసార్లు ఆ కట్టలోనే వెళ్లిపోతుంది. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మన గడ్డ మీద ఉంది. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. దేశం మొత్తానికి అలల ఉధృతి, సునామీ హెచ్చరికలు తయారయ్యేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో. ఇన్ని మన దగ్గరే ఉండి ఆ పద్దు మీద మన సభ్యులు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

నేను నెల్లూరు తీరంలో మత్స్యకార కుటుంబంలో పుట్టినవాణ్ణి. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. మా అన్నయ్య, బాబాయి కొడుకులు ఇప్పటికీ వేటకు వెళ్తారు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడు నా క్లాసులో పిల్లలు వరండాలోకి పరుగెత్తుతారు. అదే రోజు తీరంలో చాలా ఊళ్లవాళ్లు పడవలు ఒడ్డుకు లాగి కూర్చుంటారు, ప్రయోగం అయ్యేదాకా ఆ వైపు సముద్రంలోకి పోవద్దని చాటింపు వస్తుంది కాబట్టి. ఈ ఖర్చు న్యాయమా కాదా అన్న ప్రశ్న నాకు టీవీ చర్చల్లో పుట్టింది కాదు. మా ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నప్పుడు వచ్చే ప్రశ్న.

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఊళ్లో ఆసుపత్రికి డాక్టరు రాడు, చంద్రుడి మీదికి రోవర్ వెళ్లింది అని మా వదిన అంటే, ఆమె మాట కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. ఇలా అడిగేవాళ్లను సైన్సుకు శత్రువులుగానో, దేశం గొప్పతనం చూడలేనివాళ్లుగానో చిత్రించడం ఈమధ్య ఎక్కువైంది. అది తప్పు. పన్ను కట్టే ప్రతి మనిషికీ, సబ్బు బిళ్ల మీద కూడా పన్ను కడుతున్న మా వదినకీ, ఆ డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కు ఉంది. ప్రశ్నకు తిట్టు జవాబు కాదు.

నా జవాబు చెబుతాను. ఈ ఖర్చు న్యాయమే. కాని ఆ న్యాయం రాకెట్ లేచిన క్షణంలో తేలదు. పైన ఉన్న ఉపగ్రహానికి కనబడినది కింద పడవలో ఉన్న మనిషి చెవికి చేరిందా లేదా అన్న దగ్గర తేలుతుంది. డబ్బు మంజూరు చేయమని మిమ్మల్ని అడుగుతున్నాను. చేసిన తర్వాత ఆ చివరి మజిలీ లెక్క అడగమని అంతకన్నా గట్టిగా అడుగుతున్నాను.

ముందు అంకెలు చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం దాదాపు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో అంతరిక్ష శాఖకు కేటాయించింది 13,416 కోట్లు. వంద రూపాయల ఖర్చులో పావలా పైచిలుకు. దేశంలో తలకు ఏడాదికి వంద రూపాయల లోపు. అదే ఏడాది ఉపాధి హామీకి కేటాయింపు 86,000 కోట్లు, రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు. ఇస్రోకు రేపు తాళం వేసినా, మిగిలిన సొమ్ముతో మా ఊరి ఆసుపత్రికి డాక్టరు వస్తాడన్న హామీ లేదు. వైద్యానికీ చదువుకీ డబ్బు చాలడం లేదంటే ఆ కారణం వేరే చోట వెతకాలి.

ఇంతవరకు అందరూ చెప్పేదే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను ఆగను. ఖర్చు చిన్నది అన్నంత మాత్రాన అది సరైన ఖర్చు అయిపోదు. పదమూడు వేల కోట్లు మా వదిన దృష్టిలో చిన్న మొత్తం కాదు, మీ దృష్టిలోనూ కాకూడదు. అలాగే "మిగతా దేశాలకన్నా చవగ్గా చేశాం" అన్న మాట కూడా నాకు రుచించదు. మంగళయాన్‌కు అయిన 450 కోట్ల గురించి ఎంత చెప్పుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. 2014 సెప్టెంబరు 24న తొలి ప్రయత్నంలోనే అంగారకుడి కక్ష్యలోకి చేరడం గొప్ప విషయం, అందులో రెండో మాట లేదు. కాని దాని మీద ఉన్న ఐదు పరికరాల బరువు మొత్తం కలిపి 15 కిలోలే. చవగ్గా చేయడం వల్ల ఏం తగ్గించుకోవలసి వచ్చిందో కూడా చెప్పినప్పుడే ఆ అంకెకు అర్థం. పెట్టిన ప్రతి రూపాయికీ రెండున్నర రూపాయలు తిరిగొస్తున్నాయన్న లెక్కలు కూడా వినబడుతున్నాయి. ఆ రెండున్నర ఎవరి జేబులోకి వచ్చాయో చెప్పనంతవరకు అది మా రేవులో ఎవరికీ పనికొచ్చే లెక్క కాదు.

మరి న్యాయం ఎక్కడుంది? దివిసీమలో ఉంది.

1977 నవంబరు 19. ఆ తేదీ కృష్ణా, గుంటూరు తీరాల్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ పుట్టినరోజులకన్నా బాగా గుర్తు. తుపానుతో పాటు సముద్రం లేచి మీద పడింది. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు, పశువులకు లెక్కే లేదు. తుపాను వస్తోందన్న సంగతి రేడియోలో వచ్చింది. ఏ ఊళ్లమీదికి, ఏ వేళకు, సముద్రం ఎంత ఎత్తున లేస్తుంది అన్నది ఊళ్లో మనిషికి చేరలేదు. ఆ నాటికి మనకంటూ పైన ఒక వాతావరణ ఉపగ్రహం లేదు. రెండేళ్ల ముందు, 1975 ఏప్రిల్‌లో, మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. అది నేర్చుకోవడానికి పంపిన ఉపగ్రహం. దానికి తుపాను కనబడదు. ఆ రోజుల్లో కూడా ఈ దేశానికి రాకెట్లెందుకు అని అడిగారు. 1982లో పంపిన ఇన్‌శాట్-1ఎ కొద్ది నెలల్లోనే పాడైంది. 1983లో వెళ్లిన ఇన్‌శాట్-1బితో గాని బంగాళాఖాతం మీద మబ్బుల కదలికను 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి మన సొంత కంటితో చూడగలగడం మొదలుకాలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, నగరంలో పచ్చని చెట్టు మిగల్లేదు. అయినా పోయిన ప్రాణాలు పదుల్లోనే ఉన్నాయి. ఒక్క ప్రాణమైనా ఎక్కువేనని ఒప్పుకుంటాను. కాని పదివేలకూ పదులకూ ఉన్న తేడా ఏమిటో దివిసీమలో శవాలు మోసిన చేతులను అడగండి. హుద్‌హుద్ విశాఖ దిక్కుగానే వస్తోందని రోజుల ముందే తెలిసింది, లక్షల మందిని కదిలించడానికి టైము దొరికింది.

ఇదంతా ఉపగ్రహాల గొప్పే అని చెబితే నేను అబద్ధం చెప్పినట్లవుతుంది. తుపాను షెల్టర్లు కట్టారు, రోడ్లు వేశారు, రాడార్లు పెట్టారు, లెక్కలు వేసే కంప్యూటర్లు పెరిగాయి, తహసీల్దారు నుంచి వీఆర్వో దాకా రాత్రంతా ఊళ్లలో తిరిగి ముసలివాళ్లను మోసుకొచ్చారు. కాని ఈ గొలుసులో మొదటి కొస పైనే ఉంది. ఇవాళ ఇన్‌శాట్-3డిఆర్, ఇన్‌శాట్-3డిఎస్ కలిసి పావుగంటకో చిత్రం పంపుతున్నాయి. సముద్రం నడిమధ్యలో రాడారు ఉండదు, మనిషి ఉండడు. వాయుగుండం పుట్టినచోట దాన్ని మొదట చూసేది ఆ కన్నే. ఆ కొస లేకపోతే వీఆర్వో ఏ ఊరికి పరుగెత్తాలో తెలియదు.

ఇప్పుడు చేపల సంగతి. దగ్గర్నుంచి చూసినది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మా నాన్న కాలంలో వేటకు పోతే నీటి రంగు చూసేవాళ్లు, పిట్టలు ఎక్కడ గుంపుగా వాలుతున్నాయో చూసేవాళ్లు. దొరికితే దొరికినట్టు, లేకపోతే డీజిల్ కాల్చి వట్టి చేతులతో తిరిగొచ్చినట్టు. ఇప్పుడు ఇన్‌కాయిస్ నుంచి చేపలు దొరికే చోట్ల వివరం వస్తుంది. ఓషన్‌శాట్ ఉపగ్రహం నీటి రంగులోని పచ్చదనాన్ని కొలుస్తుంది. వేరే ఉపగ్రహాలు నీటి పైపొర వేడిని కొలుస్తాయి. చల్లటి నీరు వేడి నీటిని తాకే అంచుల్లో సూక్ష్మమైన నాచు పెరుగుతుంది, దాని కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు వస్తాయి. ఆ అంచు ఎక్కడుందో లెక్కగట్టి, రేవు పేరు రాసి, అక్కడి నుంచి ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని పట్టీలాగా పంపుతారు. మా అన్నయ్య చదివింది ఐదో తరగతే అయినా ఆ పట్టీ చూసి దిక్కూ దూరమూ చెప్పేస్తాడు. "మా నాన్న చూసిన నీటి రంగే కదరా ఇది, పైనుంచి చూస్తున్నారంతే" అంటాడు. వెళ్లిన ప్రతిసారీ వల నిండుతుందని కాదు. మబ్బు పడితే ఉపగ్రహానికి నీళ్లు కనబడవు, ఆ రోజుల్లో పట్టీ రాదు. వేట నిషేధ కాలంలో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అవసరం ఉండదు. మిగతా రోజుల్లో వెతుకులాట తగ్గుతుంది, వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది. ఒక పడవకు వేట అంటే సగం లెక్క డీజిల్‌దే.

కాని ఆ పట్టీ అన్నయ్యకు ఎలా వస్తుందో చూడండి. ఊళ్లో ఒక కుర్రాడు వాట్సాప్‌లో పంపితే వస్తుంది. ఆ కుర్రాడు పెళ్లికి వెళ్తే రాదు. రేవులో పెట్టిన ఎలక్ట్రానిక్ బోర్డు వెలగడం మానేస్తే, బాగుచేసే బాధ్యత ఎవరిదో ఎవరూ చెప్పరు. వందల కోట్లు పెట్టి సముద్రం మీద కన్ను పెట్టాం. ఆ కన్ను చూసినదాన్ని చివరి మనిషికి చేర్చే పని ఒక కుర్రాడి ఓపిక మీద వదిలేశాం. నా ఫిర్యాదు ఇస్రో మీద కాదు, ఈ ఏర్పాటు మీద.

ఈ లోపం ఎంత ప్రాణాంతకమో 2017లో ఓఖీ చూపించింది. నవంబరు చివర్లో కన్యాకుమారి దగ్గర తుపాను చాలా వేగంగా ముదిరింది. హెచ్చరిక వెలువడేసరికి వందలాది పడవలు అప్పటికే లోపల ఉన్నాయి. ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోను పనిచేయదు. తమిళనాడు, కేరళ తీరాల్లో వందల కుటుంబాలు మగదిక్కు కోల్పోయాయి. పైన ఉపగ్రహం ఉంది, చిత్రం వచ్చింది, కేంద్రంలో తెలిసింది. పడవకు తెలియలేదు. వాళ్లు మన భాష మాట్లాడేవాళ్లు కాకపోవచ్చు. మన వాళ్లు పోయేదీ అదే సముద్రంలోకి, అవే పడవల మీద.

ఓఖీ తర్వాత కదలిక వచ్చింది. ఫోను అందని చోటికి కూడా ఉపగ్రహం ద్వారా హెచ్చరిక పంపే జెమిని పరికరాన్ని 2019లో తెచ్చారు. తర్వాత ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్ వచ్చింది. దీంతో పడవ నుంచి ఒడ్డుకు కూడా కబురు పంపవచ్చు, ఆపదలో ఉన్నామని మీట నొక్కవచ్చు. 364 కోట్లతో దేశంలో లక్ష పడవలకు ఉచితంగా బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రధానమంత్రి ప్రారంభించారు. అంతరిక్ష పరిజ్ఞానాన్ని వాడుకోవడానికి పెట్టిన డబ్బులో ఇంతకన్నా న్యాయమైన ఖర్చు నాకు కనబడదు. చంద్రయాన్-3కి అయిన దాదాపు 615 కోట్లతో పోల్చినా ఇది చిన్నదే. ఈ పథకం గురించి మీలో ఎంతమంది సభలో అడిగారు? మన తీరంలో ఏ జిల్లాలో ఎన్ని పడవలకు బిగించారు, అందులో ఎన్ని పనిచేస్తున్నాయి, పాడైతే ఎవరు బాగుచేస్తారు? బిగించిన పరికరాల లెక్క చెప్పి శాఖ చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి. పనిచేస్తున్న పరికరాల లెక్క అడగండి.

ఇక నావిక్. అమెరికా జీపీఎస్ మీద ఆధారపడకుండా మన సొంత దారి చూపే వ్యవస్థ కావాలని ఏడు ఉపగ్రహాలతో తలపెట్టారు. 2013 జులైలో మొదటిది వెళ్లింది. తర్వాత కొన్నింటిలో దిగుమతి చేసుకున్న అణు గడియారాలు పాడయ్యాయి. గడియారం తప్పితే దూరం తప్పుతుంది, దారి చూపే పని ఆగిపోతుంది. 2017లో ఒకటి రాకెట్ కవచం విడిపోక దానిలోనే చిక్కుకుపోయింది. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 కూడా కవాటం తెరుచుకోక చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. అదే ఏడాది జులైలో ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన జవాబు ప్రకారం పంపిన 11 ఉపగ్రహాల్లో దారి చూపే పనికి అక్కరకొస్తున్నవి నాలుగే. ఒక చోటు కచ్చితంగా చెప్పాలంటే కనీసం నాలుగు కావాలి. అంటే ఒక్కటి తగ్గినా వ్యవస్థ కుంటుపడే స్థితి అది. గడియారాలు పాడైన మరో నాలుగు ఉపగ్రహాలను ఒకవైపు సందేశాలు పంపడానికి వాడుకుంటున్నారు. మంచి పనే, ఆ సందేశాలు సముద్రంలో ఉన్నవాళ్లకూ పనికొస్తాయి. కాని ఈ జవాబు వచ్చిన రోజున సభలో అనుబంధ ప్రశ్నలతో గగ్గోలు పుట్టి ఉండాల్సింది.

దీంతో పాటే 2021 ఆగస్టు 12. ఆ రోజు పోయిన ఈఓఎస్-03 ఉపగ్రహం గురించి జనానికి పెద్దగా తెలియదు, చంద్రుడి మీదికి పోయేది కాదు కాబట్టి. అది భూమి తిరిగే వేగంతోనే తిరుగుతూ, మన దేశం మీదే చూపు నిలిపి, వరదనూ తుపానునూ రోజుకు ఎన్నోసార్లు వివరంగా చూడగలిగేలా తయారైంది. మామూలు పరిశీలన ఉపగ్రహం ఒకే చోటుకు మళ్లీ రావడానికి రోజులు పడుతుంది, వరద అంతవరకు ఆగదు. రాకెట్ పై అంచెలో ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గి ఇంజన్ వెలగలేదు. ఉపగ్రహం సముద్రం పాలైంది. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ రాకెట్ విఫలమై ఈఓఎస్-09 కూడా పోయింది. మబ్బుల్లోంచి, చీకట్లోంచి కూడా నేలను చూడగల రాడార్ ఉపగ్రహం అది. బుడమేరు పొంగి విజయవాడ మునిగినట్టి రోజుల్లో అలాంటిదే కావాలి.

ప్రయోగాలు విఫలం కావడం గురించి నాకు కోపం లేదు. 1979 ఆగస్టులో మొదటి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది, 1980 జులై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. కలాం గారు ఆ బృందాన్ని నడిపించారు. ఓడిపోయే ధైర్యం లేనివాళ్లు రాకెట్ కట్టలేరు. నేనడిగేది వేరు. విఫలమైనప్పుడు ఎందుకు విఫలమైందన్న విచారణ నివేదిక జనం ముందుకు పూర్తిగా రావాలి. జనం డబ్బుతో కట్టిన ఉపగ్రహం పోయిందంటే జనానికి ఆ మాత్రం వివరం బాకీ. నా క్లాసులో ప్రయోగం తప్పిన విద్యార్థి రికార్డులో తప్పిన లెక్కే రాయాలి, లేకపోతే నేను సంతకం పెట్టను. దేశం పెద్ద ప్రయోగశాలకు అంతకన్నా తక్కువ నియమం ఉండకూడదు.

చంద్రయాన్‌ను నేను రేవు లెక్కతో కొలవడం లేదని కూడా చెప్పాలి. 2008లో వెళ్లిన చంద్రయాన్-1 చంద్రుడి మీద నీటి జాడను ప్రపంచానికి చూపించింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దక్షిణ ధ్రువం దగ్గర దిగి, మట్టి పైపొరకూ కొన్ని సెంటీమీటర్ల లోతుకూ మధ్య వేడి ఎంత తేడాగా ఉందో కొలిచింది. దీనివల్ల మా అన్నయ్య వలలో ఒక చేప కూడా ఎక్కువ పడదు. అయినా తెలుసుకోవడం దానికదే మనిషికి అవసరం, పేద దేశంలో మనిషికి కూడా. పేదవాడికి అన్నం చాలు, ఆకాశం గురించి తెలుసుకోవాలన్న కోరిక అక్కర్లేదు అనే మాటలో నాకు ఒక అవమానం కనబడుతుంది. నా విద్యార్థుల్లో రొయ్యల చెరువుల మీద కూలికి పోయే తల్లుల పిల్లలున్నారు. వాళ్లే అందరికన్నా ముందు వరండాలోకి పరుగెత్తేది.

కాని వరస అన్నది ఒకటుంటుంది. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఒక్క రోజే, మనిషిని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ ఖర్చును 20,193 కోట్లకు పెంచింది, చంద్రయాన్-4కి 2,104 కోట్లు, శుక్రగ్రహ యాత్రకు 1,236 కోట్లు, కొత్త రాకెట్‌కు 8,240 కోట్లు ఆమోదించింది. అంతకు వారం ముందు వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసమ్‌కు ఇచ్చింది రెండేళ్లకు 2,000 కోట్లు. మనిషిని పంపే పనిలో భద్రతకు ఖర్చవుతుంది, అందులో పీనాసితనం పనికిరాదని నాకు తెలుసు. 2022 నాటికే వెళ్తారన్న గడువు దాటి ఏళ్లయినా తొందరపెట్టమని అనను, మనుషుల ప్రాణాలు ముఖ్యం. అనేదొక్కటే. గగన్‌యాన్ కోసం భూమిని చూసే ఉపగ్రహం ఒక్కటి కూడా వాయిదా పడకూడదు. పోయిన ఉపగ్రహానికి బదులు ఉపగ్రహం, ఆగిపోయిన నావిక్‌కు బదులు నావిక్ ముందు వెళ్లాలి. జెండా ఎగరేసే ప్రయోగాలు తర్వాత. ఆ వరసను నిర్ణయించే అధికారం శాస్త్రవేత్తలకు ఒక్కరికే వదిలేయాల్సింది కాదు, అది మీ పని.

ఇంకొక బాకీ ఉంది. శ్రీహరికోట దీవి 43 వేల ఎకరాల పైచిలుకు. అంతరిక్ష కేంద్రం కోసం తీసుకునేటప్పటికి అది ఖాళీ దీవి కాదు. అక్కడి అడవిలో తేనె తీసి, దుంపలు తవ్వి, పులికాట్‌లో చేపలు పట్టి బతికే యానాదులు ఉండేవాళ్లు. దేశం కోసమని వాళ్లను కదిలించారు. వాళ్లలో చాలామందికి తాము ఎందుకు కదలాలో కూడా అప్పుడు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేరని సూళ్లూరుపేట వైపు పెద్దలు ఇప్పటికీ అంటారు. ఇస్రో ఖర్చు లెక్కల్లో ఉక్కు ఉంది, ఇంధనం ఉంది, జీతాలున్నాయి. యానాదులు ఇచ్చినది ఏ పద్దులోనూ లేదు. ఇప్పుడు 3,985 కోట్లతో మూడో ప్రయోగ వేదిక అక్కడే కట్టబోతున్నారు. ఆ సొమ్ము మంజూరు చేసిన చేతులతోనే, ఆనాడు కదిలిన కుటుంబాల మనుమలు ఎక్కడున్నారు, ఎంతవరకు చదివారు, ఆ గేటు లోపల ఎంతమందికి పర్మినెంటు ఉద్యోగం ఉంది అని అడగండి. స్వీపర్లనూ గార్డెన్ కూలీలనూ ఉద్యోగులుగా చూపించే జవాబు వస్తే దాన్ని తిప్పి పంపండి. ప్రయోగం రోజున వేట పోగొట్టుకునే పడవలకు ఆ ప్రయోగం ఖర్చులోనే పరిహారం కలపమని కూడా అడగండి. కొన్ని వందల కోట్ల ప్రయోగంలో అది కనబడనంత మొత్తం, పడవ మీద కూలికి పోయేవాడికి ఆ రోజు అన్నం.

పొలాల గురించి ఒక్క మాట. పంట నష్టం అంచనాలో ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు వాడుతున్నారు, రాను రాను ఇంకా ఎక్కువ వాడతారు. మంచిదే. కాని ఉపగ్రహానికి మడి కనబడుతుంది, ఆ మడి కౌలుకు చేసినవాడు కనబడడు. పట్టాదారు పేరే కాగితంలో ఉంటే పరిహారం ఆయన ఖాతాలోకే పోతుంది. కౌలు గుర్తింపు సంగతి తేల్చకుండా పైనుంచి ఎంత పదునైన కన్నుతో చూసినా పండించినవాడికి ఒరిగేదేమీ లేదు.

అందుకని వచ్చే సమావేశాల్లో ఇవి చేయమని అడుగుతున్నాను. మీ 60 మందిలో పార్టీ భేదం లేకుండా కొందరు కలిసి అంతరిక్ష శాఖ పద్దును చర్చకు పెట్టమని సభాపతిని కోరండి. ట్రాన్స్‌పాండర్ల మీద జిల్లాలవారీ జవాబు కావాలంటూ నక్షత్ర గుర్తు ప్రశ్న వేయండి, మంత్రి సభలో నిలబడి చెప్పాల్సి వచ్చే ప్రశ్న. రాతపూర్వక జవాబుతో సరిపెట్టుకోకండి. నావిక్‌లో కొత్త ఉపగ్రహాలు ఏ నెలలో వెళ్తాయో, ఈఓఎస్-03 చేయాల్సిన పని ఈ రోజు ఏ ఉపగ్రహం చేస్తోందో అడగండి. భూమిని చూసే ఉపగ్రహాలకు ఎంత, మానవయాత్రకు ఎంత అన్నది బడ్జెట్ పత్రాల్లో సామాన్యుడు చదివి పోల్చుకునేలా విడివిడిగా చూపించమనండి. అంతరిక్ష శాఖ ప్రధానమంత్రి గారి దగ్గరే ఉంది, కాబట్టి జవాబు చెప్పలేని శాఖ కాదది.

తీర జిల్లాల సభ్యులకు మరో విన్నపం. మీ నియోజకవర్గంలో ఒక రేవుకు తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకు రండి. అధికారులకు ముందు చెప్పకుండా రండి. నాలుగు పడవలెక్కి ట్రాన్స్‌పాండర్ ఉందా, వెలుగుతోందా, మీట ఎలా నొక్కాలో నడిపేవాడికి తెలుసా అని చూడండి. అక్కడ కనబడినదే సభలో చెప్పండి.

మీరు అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు తెలుగులో అచ్చు వేయించి రేవుల్లోని మత్స్యకార సంఘాల ఆఫీసులకు పంపండి. మా ఊరికి వచ్చిన కాగితం నేనే చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
నెల్లూరు తీరం నుంచి ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు